దీర్ఘం పీకి కొమ్ము

“‘యజమానిని నేను చంపానా?’ అని అడిగాడయ్యా నా క్లయింటు, ఆ వంటవాడు! నువ్వేమో ‘నేను చంపాను’ అని కొట్టావ్. దీర్ఘం పీకి కొమ్ము పెట్టావ్. ఎవరికి కొమ్ము కాశావ్?”

కోర్టు వరండాలో డిఫెన్సు లాయరు గొంతుకి పోలీసు స్టేషన్ టైపిస్టు గోడకి అతుక్కుపోయాడు.

“దీర్ఘాలు తీయకుండా టైపు కొట్టమన్నారు ఇన్‌స్పెక్టరు గారు. నేను దీర్ఘమే తీసేశాను సార్.”

“నీ ఒక్క అక్షరానికి వాడికివాళ యావజ్జీవం పడుతుంది. బోనెక్కి నిజం చెప్పు.”

టైపిస్టు తన వేళ్ళకేసి చూసుకున్నాడు.

“చెప్తాను సార్. కానీ ఎక్కితే ఇదొక్కటే చెప్పి దిగలేను. మీరు ఇదివరకు సర్కారు లాయరుగా ఉండి గెలిచిన పదకొండు కేసుల్లోనూ వాంగ్మూలాలు ఈ వేళ్ళు కొట్టినవే.”

లాయరు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు.

“వాటిలోనూ...?”

“అందరూ అడిగినవాళ్ళే సార్. ఒప్పుకున్నవాడు ఒక్కడూ లేడు.”

అంతలో కేసు పిలిచారు. లాయరు లోపలికి నడిచారు. టైపిస్టు తలుపు దాకా వచ్చి నిలబడ్డాడు.

“మీ తరఫు సాక్షులెవరైనా ఉన్నారా?” అడిగారు జడ్జి.

బోనులోంచి వంటవాడు ఆశగా చూశాడు. టైపిస్టు ఒక అడుగు ముందుకేశాడు.

“లేరు, యువరానర్,” అన్నారు లాయరు.