పన్నెండంగుళాల గడి

“ఇదేమిటి, బొంత గడి ఇంత చిన్నదైపోయింది!” అంది ఆమె కుట్టుమిషను దగ్గరి నుంచి.

“ఎంత రావాలి?” అన్నాడు భర్త, పేపరు దించకుండా.

“పన్నెండంగుళాలు. గుడ్డ పట్టీలు ఆరు, ఒక్కోటి రెండు వెడల్పు. ఆరు రెళ్ళు పన్నెండేగా?”

పేపరు దిగింది. ముప్పై ఏళ్ళు పొలాల హద్దులు కొలిచి రిటైరైన సర్వేయరు ఆయన. ఇంట్లో ఎవరు ఏ లెక్క తప్పినా ఆయనకు నిద్ర పట్టదు. లేచి వచ్చి టేపు పెట్టాడు.

“అంచులో కుట్టుకు పోయేది తీసేస్తే తొమ్మిదే. పట్టీకి అటు పావు, ఇటు పావు కుట్టు తినేస్తుంది. అంటే అర. ఆరు అరలు మూడు. కత్తిరించేటప్పుడు రెండున్నర పెట్టుకోవద్దూ?”

“నాకేం తెలుసు? సర్వేయరుగారు పేపర్లో ఉన్నారు.”

వచ్చే నెల పుట్టబోయే మనవడికో మనవరాలికో ఆ బొంత. అమ్మాయి చిన్నప్పటి గౌను, అల్లుడి కాలేజీ చొక్కా, వియ్యపురాలు పంపిన దుప్పటి ముక్క, అన్నీ అందులోకి చేరాయి. ఇదే ఆఖరి గడి.

“మళ్ళీ కత్తిరించాలంటే గుడ్డ చాలదు,” అందామె. “ఆ గొడుగుల చొక్కా ఇచ్చేయండి.”

“కుదరదు.”

“కాలరు చిరిగింది.”

“నా మెడకు లేని బాధ నీకెందుకు?”

నీలం గొడుగుల అచ్చుతో, అమ్మాయి మొదటి జీతంతో కొన్న చొక్కా అది. ఏడాదికి ఒక్కసారి, అమ్మాయి పుట్టినరోజున వేసుకుంటాడు. మిగతా రోజులు బీరువా అడుగున ఉంటుంది.

“బొంతలో అందరి బట్టలూ ఉన్నాయి. మీదే లేదు. తాతయ్య గుర్తుగా ఒక్క పట్టీ అయినా ఉండొద్దూ?”

“తాతయ్యే ఎదురుగా ఉంటాడు. గుర్తెందుకు?”

“సరే, పందెం. ఈ బుట్టలో ఉన్నవాటితో గడి పూర్తి చేయించారా, మీ చొక్కాకి నా కత్తెర తగలదు. ఒక్క పట్టీ తగ్గిందా, చొక్కా నాది.”

“మాట మీద ఉంటావా?”

“మీకంటే ఎక్కువే.”

ఆయన కళ్ళజోడు పెట్టుకుని, బుట్ట బోర్లించి, కాగితం ముందేసుకున్నాడు. గౌను, కాలేజీ చొక్కా, దుప్పటి: తలా ఒక పట్టీ వచ్చాయి. ఇంకా మూడు కావాలి. అడుగున, చేత్తో చింపిన తెల్లటి ముక్కలు రెండున్నాయి.

“ఇస్త్రీ చేసి పెట్టా, అటూ ఇటూ తిప్పి నలపకండి,” అందామె.

పెద్దది పదమూడు పొడుగు, అయిదు వెడల్పు. రెండు పట్టీలు వచ్చేస్తాయి. చిన్నది చూసేసరికి ఆయన ముఖం వాడింది. ఆరున్నర అంగుళాల పొడుగే. పట్టీకి పన్నెండున్నర కావాలి.

“చొక్కా తెమ్మంటారా?” అందామె.

“ఆగు!”

పెన్సిలు చెవి మీద పెట్టుకున్నాడు, తీశాడు. చిన్నదాని వెడల్పు కొలిచాడు. అయిదు.

“నిలువుగా రెండు చేస్తే ఆరున్నర పొడుగువి రెండు! కలిపితే పదమూడు. మధ్య కుట్టుకు అర పోతే పన్నెండున్నర! ఎలా ఉంది దెబ్బ?”

“అమ్మో! అయితే మీరే కత్తిరించండి. నా చెయ్యి మళ్ళీ తప్పుతుందేమో.”

ఆయన కత్తెర అందుకున్నాడు. హద్దురాయి పాతినంత శ్రద్ధగా గీత గీసి, ఆ గీత మీదే కోశాడు. పట్టీలన్నీ ఆమె దొంతర పెట్టి మిషను దగ్గరికి తీసుకుపోయింది.

“గెలిచినవాళ్ళు టీ పెట్టాలి,” అంది.

“అదెక్కడి రూలు?” అంటూనే వంటింట్లోకి నడిచాడు, ఈల వేస్తూ.

రెండు కప్పులతో తిరిగొచ్చేసరికి గడి బల్ల మీద ఉంది. టేపు పెట్టాడు. అంచుకుట్టుతో కలిపి పన్నెండున్నర. నూలుపోగు తేడా లేదు.

“ఓడిపోయాను,” అందామె టీ ఊదుకుంటూ. “మీ చొక్కాకి నా కత్తెర తగల్లేదు, తగలదు. ఒట్టు.”

“అదీ మాటంటే!”

కుట్లు తిన్నగా పడ్డాయో లేదో చూద్దామని ఆయన గడిని తిరగేశాడు.

తెల్లటి పట్టీలు మూడింటి వెనకా నీలం గొడుగులు.