గ్రహణం పట్టని చేపలు

"ఆ తలుపు తియ్యబాకే పద్మా, గ్రహణం ఇంకా విడవలా!" తల్లి మస్తానమ్మ పొయ్యి దగ్గర్నుంచే అరిచింది.

హైదరాబాదు నుంచి బస్సులో కూర్చుని కూర్చుని తర్లుపాడు చేరిన పద్మజకు ఒళ్ళంతా నొప్పులుగా ఉంది. సంచి అరుగు మీద పడేసి, మూసి ఉన్న గది వైపు చూసింది. లోపల తమ్ముడి భార్య పావని. మూడో నెల.

"ఎప్పట్నుంచి ఉంది లోపల?"

"తెల్లారినప్పట్నుంచి. కత్తిపీట ముట్టుకున్నా, వెలుతురు చూసినా బిడ్డకు కన్ను పోతది."

"కిటికీ కూడా మూసినావు. ఉడికిపోదా ఆ పిల్ల? మనకసలు గ్రహణమే కనపడదమ్మా."

"కనపడకపోయినా కడుపుకు తగులుద్దంట. ఫోన్లో వచ్చిందంట."

పద్మజ గడప మీద కూలబడింది. చేప పిండంలో కన్ను ఎలా తయారవుతుందో చూడటమే నాలుగేళ్ళుగా ల్యాబులో ఆమె పని. ఇంట్లో ఎవరూ ఏనాడూ అడగలేదు. ఆమే చెప్పే ఓపిక తెచ్చుకుంది.

"నా చేపగుడ్లు అద్దంలా ఉంటాయమ్మా. కన్ను ఏర్పడటం పైకే కనిపిస్తది. గ్రోత్ ఫ్యాక్టర్ అని, మెదడు వైపు నుంచి ఒక సంకేతం వస్తది. కంట్లో ఏది ముందు సగమో, ఏది వెనక సగమో చెప్పేది అదే. మందేసి దాన్ని ఆపినామనుకో, ముందు సగం కూడా వెనక సగంలాగే తయారైతది. కన్ను చెడేది అట్ల, లోపల. బయట ఎవరు కత్తి పట్టుకుంటే దానికేంది?"

"ఏ ఆడబిడ్డయినా మరదలి మీద చాడీలు చెప్తది. నువ్వేందే, వకాల్తా పుచ్చుకున్నావు?"

"పోయిన గ్రహణం రోజు కూడా చేపగుడ్లను లైటేసి చూసినా. ఒక్క చేపకూ కన్ను చెడలా."

మస్తానమ్మ ఊదుగొట్టం పక్కన పెట్టింది. "నిజమేనా?"

"నీ మీదొట్టు."

"అయితే మంచిదేలే. పొద్దున్నుంచి చాకిరంతా నా నడుం మీదే పడింది." గొంతు పెంచింది. "పావనీ! లెయ్ తల్లీ, ఏం కాదంట. గొర్రెల దొడ్డి ఊడ్చాల. గుడ్డలు నానబెట్టి ఉండాయి. మీ మామకు చేనికి అన్నం తీసకపోవాల."

గెలిచిన సంతోషంతో పద్మజ తలుపు తీసింది. పావని చాప మీద పక్కకు తిరిగి, కొంగు మొహం మీదికి లాక్కుని పడుకుని ఉంది. వెలుతురు పడినా లేవలేదు.

"తలుపు వెయ్యి వదినా, గ్రహణమని అత్తకు చెప్పింది నేనే."