మావారి గురించి నాలుగు ముక్కలు

ఆమెకు చీకటంటే భయం లేదు. అత్తగారంటే కూడా ఈమధ్య అంతగా లేదు. తన నోటివల్ల కూతురికి బడిలో సీటు పోతుందేమోనన్నదే ఆమె భయమంతా. ఆ నోరు ఇప్పుడు తడారిపోయి ప్రిన్సిపల్ గది బయట బెంచీ మీద కూర్చుని ఉంది.

ఈ బడిలో పిల్లల్ని ఏమీ అడగరు. ఇంట్లో పక్కన కూర్చుని చదివించేది తల్లే కదా అని తల్లిని అడుగుతారు, అదీ ఇంగ్లీషులో. ఇప్పుడే లోపలికెళ్ళి వచ్చినావిడ కళ్ళు తుడుచుకుంటూ, ప్రిన్సిపల్ చిన్న తప్పు పోయినా పట్టేస్తోందని చెప్పి మరీ వెళ్ళింది.

"ఇంటికెళ్ళిపోదాం పదండి," అంది భర్తతో. "నేను చదివింది ఏడు. అదీ సగం."

"సగమైనా చదివావు. నేనా సగం కూడా గోడ దూకి బయటే ఉన్నాను," అన్నాడతను. లిఫ్టులు బాగుచేసే మనిషి. ఇవాళ మాత్రం గోళ్ళలోని గ్రీజు వదిలేదాకా సబ్బు అరగదీసి వచ్చాడు. ఒళ్ళో కూర్చున్న కూతురి గౌను బొత్తాం పెడుతూ ధైర్యం చెప్పాడు. "నాకొచ్చిందల్లా ఎస్ మేడమ్. నువ్వు చెబుతూ ఉండు, నేను అంటూ ఉంటాను."

ఆమె కళ్ళు మూసుకుని పాఠం తలుచుకుంది. మేడమీద పిన్నిగారు ట్యూషన్లు చెబుతుంది. డూ ఎక్కడో డజ్ ఎక్కడో ఎన్నిసార్లు చెప్పినా ఈమె బుర్రకెక్కక ఏడుపు మొహం పెడుతుంటే, చివరికి విసిగి ఒక్క ముక్కలో తేల్చేసింది. నువ్వూ నేనూ ఎదురెదురుగా ఉంటే డూ. గుంపు గురించైనా డూనే. ఇక్కడ లేని ఒక్క మనిషి గురించి చెప్పుకుంటే డజ్.

అంటే చాడీలకి డజ్ అన్నమాట. అలా అనుకున్నాక ఠక్కున అర్థమైంది. కాకపోతే చాడీ చెప్పడానికో మనిషి కావాలి. అత్తగారి మీద సాధన చేసే ధైర్యం లేదు, కూతురి మీద మనసొప్పలేదు. మిగిలింది ఒక్కడే. రోజూ సాయంత్రం పొయ్యి దగ్గర నిలబడి అతని మీదే నోరు తిప్పుకుంది. పనినుంచి రాగానే మొహమ్మీద తువ్వాలు కప్పుకుని పడుకునే మనిషి. పక్కన పిడుగు పడినా లేవడు, ఇంక ఇంగ్లీషేం వింటాడు.

పిలుపొచ్చింది. లోపలికెళ్ళారు.

ప్రిన్సిపల్ మొహం ఇస్త్రీ చేసినట్టుంది, ఒక్క ముడత లేదు. కూర్చోమంది. పిల్ల పేరడిగింది, వయసడిగింది. ఆ రెండూ ఎలాగో గట్టెక్కాయి. ఆ తర్వాత కళ్ళద్దాలు సర్దుకుని అడిగింది.

"వాట్ డజ్ యువర్ హస్బెండ్ డూ?"

ఆమె గుండె గంతేసింది. డజ్ వినిపించింది, హస్బెండ్ వినిపించింది. ఇంకేం కావాలి? ఇన్నాళ్ళూ వల్లె వేసింది ఈయన గురించే కదా. మళ్ళీ దొరకదన్నట్టు అందుకుంది.

"హీ డజ్ నాట్ వాష్ హిజ్ ప్లేట్."

ప్రిన్సిపల్ చేతిలో పెన్ను ఆగిపోయింది.

"ఎస్ మేడమ్," అన్నాడు భర్త గర్వంగా.

పెన్ను ఆగిందంటే ఇంకా చెప్పమనే కాబోలు అనుకుంది ఆమె. "హీ డజ్ నాట్ డ్రై హిజ్ టవల్."

"ఎస్ మేడమ్."

తర్వాతిది కాస్త కష్టమైంది. నాట్ లేకపోతే డజ్ తప్పుకుంటుందని, పోతూ పోతూ తన చివరి 'స్' తోకని పక్క మాటకి తగిలించి పోతుందని పిన్నిగారు మరీ మరీ చెప్పింది. జాగ్రత్తగా ఆ తోక పట్టుకుంది. "హీ స్నోర్స్. వెరీ బిగ్."

"ఎస్ మేడమ్," అంటూ అతను తన చొక్కా కాలరు సవరించుకున్నాడు, ఎవరో దండ వేస్తున్నట్టు.

ఆమెకి ఊపొచ్చేసింది. అన్నిటికన్నా బాగా వచ్చినదాన్ని ఆఖరికని దాచుకుంది. "అండ్ హీ డజ్ నాట్ లిజన్."

ఈసారి అతను ఎస్ అనడం మరిచిపోయాడు. ప్రిన్సిపల్ ఆ సంగతి చూసే స్థితిలో లేదు. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, చేత్తో నోరు మూసుకుని, ఆగలేక పగలబడి నవ్వింది. ఎందుకో ఏమిటో తెలియకుండానే పిల్ల కూడా తోడు నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని ప్రిన్సిపల్ తెలుగులోకి దిగింది.

"నేనడిగింది మీవారు ఏం పని చేస్తారని అమ్మా."

సీటు పోయిందనుకుంది ఆమె. కూతురి చెయ్యి పట్టుకుని లేవబోయింది.

"కూర్చో తల్లీ. పొద్దుట్నించీ ఎంతమంది వచ్చారో, డజ్ తప్పకుండా మాట్లాడింది నువ్వొక్కదానివే. ఇంత పట్టుగా నేర్చుకునే అమ్మ పక్కనుంటే పిల్లకి లోటేమిటి? సీటిస్తున్నాను, పో."

పోయిన ప్రాణం లేచొచ్చింది. కూతుర్ని ఒళ్ళోకి లాక్కుని ముద్దుల మీద ముద్దులు పెట్టుకుంది. ఆ సంబరంలోనే ఓరకంట భర్తని చూసి లోలోపల దేవుడికి దణ్ణం పెట్టింది. పాపం, ఒక్క ముక్కా అర్థమై ఉండదు. బయటికెళ్ళాక మిమ్మల్ని ఆకాశానికెత్తేశానని చెప్పేస్తే సరి.

ప్రిన్సిపల్ నవ్వింకా వదలక అతని వైపు తిరిగింది. ఇదంతా నిజమేనా అని ఇంగ్లీషులోనే అడిగింది.

అతను లేచి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఎస్ మేడమ్. ప్లేట్, టవల్, స్నోరింగ్, ఆల్ ట్రూ. ఓన్లీ లాస్ట్ వన్ రాంగ్. హీ లిజన్స్, మేడమ్. ఎవ్రీ ఈవెనింగ్."

ఆమె వంచిన తల ఇంకా ఎత్తలేదు. కాస్త మీరైనా అటు చూసి చెబుదురూ, ఆయన మొహంలో ఉన్నది కోపమా, నవ్వా?