గోల్ వెనక మనిషి

"పెద్దాయనా, ఎవలు నువ్వు? ఎవలు పంపిండ్రు?"

సైడ్ లైన్ పక్కన తువ్వాల పరుచుకుని కూర్చున్న మనిషి తలెత్తి జీవన్ వైపు చూశాడు.

"ఎవ్వలు పంపలే బిడ్డా. ఆట చూద్దామని వచ్చిన."

జీవన్ నమ్మలేదు.

రిజర్వ్ ఫుట్‌బాల్ జట్టు ప్రాక్టీస్ మ్యాచ్ చూడటానికి హనుమకొండలో ఎవరొస్తారు? డప్పులుండవు, ఈలలుండవు. చీలమండకు పట్టీ కట్టుకున్నవాడొకడు. భుజం కుదిరిందో లేదో చెయ్యి తిప్పి చూసుకునేవాడొకడు. దెబ్బ తగిలినవాళ్లు మళ్లీ ఆటలోకి రావాలంటే దారి అదొక్కటే. ఆ దారిలో వాళ్ల పాట్లు చూడటానికి ఇంట్లోవాళ్లు కూడా రారు.

"ఆదివారం ఫైనల్ కరీంనగర్ తోటి. యాది మరిచినవా?" గోల్‌కీపర్ ఓంప్రకాశ్ గ్లౌజులు తొడుక్కుంటూ కన్నుగీటాడు. "సీఐడీని పంపిండ్రు. నీ మోకాలు ఫొటో తీస్తడు, జర కప్పుకో."

అందరూ నవ్వారు. ఆ మనిషి కూడా నవ్వాడు.

జీవన్ నవ్వలేదు. మోకాలికి ఆపరేషన్ చేసిన డాక్టరు ఎప్పుడో బాగయిందన్నాడు. జీవన్‌కే ధైర్యం చాలడం లేదు. బంతి కుడికాలి ముందుకు వచ్చినా ఎడమకాలికి మార్చుకుంటున్నాడు.

కోచ్ కిషన్ రావు విజిల్ నోట్లో పెట్టుకోబోయి ఆగాడు.

"జీవన్, సీదా మాట చెప్తాన. ఇయ్యాల ఆ కుడికాలుతోటి ఒక్క గోల్ కొట్టు. ఆదివారం తొమ్మిదో నంబర్ నీదే. కొట్టకపోతే సుదర్శనే ఆడుతడు. పిల్లగాడు మంచిగనే ఆడుతాండు."

జీవన్ గాయపడ్డప్పుడు అతని స్థానంలో మెయిన్ జట్టులోకి తీసుకున్న కుర్రాడే సుదర్శన్. ఆ జట్టుకు ఆ రోజు విశ్రాంతి.

తువ్వాల మీది మనిషి ముందుకు వంగి ఆ మాటలు విన్నాడు. జీవన్‌కు ఒళ్లు మండింది.

"మా మాటలన్ని చెవులు రిక్కించి వింటానవ్. ఈడ కూసోకు. ఆ గోల్ ఎనకకు పో."

"గట్లనే బిడ్డా."

తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. గ్రౌండ్ చుట్టూ నడిచి వెళ్లి అవతలి గోల్ వెనక ఎండలో కూర్చున్నాడు.

ఆట మొదలైంది. జీవన్ మంచి పాసులు ఇచ్చాడు. బాగా పరుగెత్తాడు. అన్నీ ఎడమకాలితోనే. కోచ్ మాటిమాటికీ గడియారం చూసుకున్నాడు.

ఆఖరున బంతి కుడివైపు పడింది. కాలు మార్చుకునే వ్యవధి లేదు. జీవన్ కళ్లు మూసుకుని తన్నాడు.

బంతి స్తంభం పక్కగా దూసుకుపోయి వెనకున్న మనిషి ఒళ్లో పడింది.

"గోల్!" జీవన్ వైపువాళ్లు అరిచారు.

"ఏం గోల్?" ఓంప్రకాశ్ లేచాడు. "బయటికెల్లి పోయింది!"

"నువ్వేం చూసినవ్‌రా? నీ మొఖం గడ్డిల ఉండె."

చిక్కంతా వలతో వచ్చింది. స్తంభం పక్కన తలకాయ పట్టేంత చినిగి ఉంది. బంతి లోపలి నుంచి వెళ్లినా, బయటి నుంచి వెళ్లినా పడేది అక్కడే.

"జీవన్, నువ్వు చెప్పు," అన్నాడు కోచ్.

"నేను... కండ్లు మూసుకున్న సార్."

కోచ్ గోల్ వెనకకు నడిచాడు.

"పెద్దాయనా, ఇగ నువ్వే చెప్పాలె. లోపట్నుంచి వచ్చిందా, బయట్నుంచా?"

"ఆయనను అడుగుతానవా కోచ్ సాబ్?" ఓంప్రకాశ్ నవ్వాడు. "వీడు ఆడితే ఆయనకే కదా నష్టం. బయటికే అంటడు, చూడు."

ఆ మనిషి బంతిని చేతుల్లో అటూ ఇటూ తిప్పాడు. జీవన్ మోకాలి మీది కుట్ల మచ్చను చూశాడు.

"లోపట్నుంచే వచ్చింది సారూ. మస్తు కొట్టిండు."

బంతిని కోచ్ చేతిలో పెట్టాడు.

జట్టంతా జీవన్‌ను ఎత్తుకుంది. చన్నీళ్లు పోసింది. ఆ సంబరం తగ్గాక అతనికి గుర్తొచ్చింది. తప్పయిందని ఒక్క మాట చెప్పాలని గోల్ వెనకకు పరుగెత్తాడు.

ఎవరూ లేరు.

వల చిరుగు మాత్రం మూసుకుని ఉంది. జంపఖానాలు నేసే లావు దారం, నీలం ఎరుపు కలిపి పేనింది, ముడి పక్కన ముడి వేసి కట్టేసి ఉంది.

"సీఐడీ అయితే మన వల ఎందుకు కడుతడురా?" అన్నాడు జీవన్.

ఓంప్రకాశ్ గ్లౌజు తీసి ఆ ముడిని లాగి చూశాడు.

ఆదివారం గ్రౌండ్ నిండింది. జీవన్ గ్యాలరీలన్నీ కళ్లతో వెతికాడు. ఆ తువ్వాల కనపడలేదు.

డ్రెస్సింగ్ రూంలో సుదర్శన్ బ్యాగు తెరిచి తొమ్మిదో నంబర్ జెర్సీ తీశాడు. ఉతికి మడత పెట్టి తెచ్చాడు. రెండు చేతులతో అందించాడు.

"నీ జాగ జర పట్టుకొని ఉన్న అన్నా, అంతే. ఇగ నువ్వు దుమ్ము లేపాలె."

జీవన్ జెర్సీ అందుకోబోయి ఆగిపోయాడు. బ్యాగు తెగిన పట్టీకి నీలం ఎరుపు దారం. ముడి పక్కన ముడి.

"ఇది ఎవలు కట్టిండ్రు తమ్మీ?"

"మా నాయన. కాశిబుగ్గల జంపఖానాలు నేస్తడు."

జీవన్ ఆ ముడిని వేలితో తడిమాడు.

"ఇయ్యాల వచ్చిండా?"

"రాలే అన్నా. నేను ఆడంగ ఎన్నడు చూడలే, ఫైనల్‌కన్న వస్తనన్నడు, నేను ఆడుతలేనంటే ఇగ మగ్గం ఎందుకు ఆపుడని ఇంటికాడనే ఉన్నడు... గని మొన్న నేనుంటననుకొని వచ్చి, మీ ఆట చూసొచ్చిన సంది, నువ్వు కుడికాలుతోటి కొట్టిన గోల్ ముచ్చటనే చెప్తాండు మా ఇంట్ల."