ఒక్క స్ప్రింగు

"నీకు ఒకటి చాలు. ఇక మొదలుపెట్టు," అంది పిలాటిస్ టీచర్, వంగి బల్ల కింద మిగతా స్ప్రింగులు ఊడదీస్తూ.

నిచ్చెన మొహం మాడిపోయింది. బాలే క్లాసులో అందరికంటే పొడుగు కాబట్టి ఆ పిల్లకి నిచ్చెన అని పేరు. పెట్టింది పక్క బల్ల మీదున్న పిచ్చుక. పెట్టిన మనిషేమో జానెడు ఉండదు. ఆ జానెడు పిల్ల బల్లకి మాత్రం టీచర్ నాలుగు స్ప్రింగులూ తగిలించింది. తగిలించి ఊరుకుందా? పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని, దాని నడుం మీద చెయ్యేసి, "మెల్లగా తల్లీ, ఊపిరి వదులు" అంటూ ఒకటే మురిపెం.

చక్రాల మీద ముందుకీ వెనక్కీ జరిగే బల్ల అది. కింది స్ప్రింగులు దాన్ని ముందువైపుకి లాగుతుంటాయి. ముందున్న కమ్మీ మీద చేతులు, బల్ల మీద కాళ్ళు పెట్టి, ఒళ్ళు వంగకుండా నిలిపి, బల్లని వెనక్కి తోసి, మళ్ళీ చప్పుడు కాకుండా దగ్గరికి తెచ్చుకోవాలి. రోజంతా మునివేళ్ళ మీద నిలబడే పిల్లలకి పొట్ట, నడుం గట్టిపడాలని బాలే మేడమ్ ఈ క్లాసు పెట్టించింది.

"టీచర్, నాకూ ఇంకోటి వెయ్యండి," అంది నిచ్చెన.

"నీకెందుకమ్మా? స్ప్రింగుల జోలికి మాత్రం ఎవరూ రాకండి. అది నా పని."

ఇంటికి వెళ్ళి అన్నయ్య దగ్గర వెళ్ళగక్కుకుంది. అతగాడు పొద్దస్తమానం జిమ్ములో ఇనుప బిళ్ళలు ఎత్తే మనిషి.

"ఒక్కటేనా? మా దగ్గర కొత్తగా చేరిన వాళ్ళకిస్తారు అంత తేలిక. నాలుగు వేశారంటే ఆ పిల్ల గట్టి పిండమేనే."

"అదా? నడుం నొప్పని పోయినేడు సగం క్లాసులు ఎగ్గొట్టింది అన్నయ్యా."

"అయితే మీ టీచర్‌కి అదంటే ముద్దేమో. నీ సంగతి ఇక అంతే."

పుండు మీద కారం చల్లినట్టయింది. అప్పట్నుంచి నిచ్చెన పిచ్చుక మీద కళ్ళల్లో నిప్పులు పోసుకుంది. అది నవ్వితే మంట, అది జడ ముడేసుకుంటే మంట. టీచర్ దాని మడమ పట్టుకుని సరిచేసిన రోజు ఇంట్లో ముద్ద దిగలేదు.

ఈలోగా వార్షికోత్సవం ముంచుకొచ్చింది. ముఖ్య వేషం ఎవరికిస్తారన్నదే అందరి నోటా మాట. కథంతా ఆ ఒక్క పిల్లే మునివేళ్ళ మీద నడిపించాలి. నిచ్చెన పాలపళ్ళు ఊడకముందు నుంచీ కలలు కంటున్న వేషం అది. నడుంలో సత్తువ ఎవరికుందో చెప్పమని బాలే మేడమ్ పిలాటిస్ టీచర్‌నే అడిగింది, పిల్లలందరి ఎదుటా.

"నన్నడక్కండి మేడమ్. నేనేం చెప్పినా పక్షపాతం అంటారు. రేపు నేను బయట కూర్చుంటాను, మీరే చూసుకోండి. ఎవరి సత్తా ఎంతో వాళ్ళ బల్లే చెబుతుంది," అంది టీచర్.

నిచ్చెన లెక్కవేసుకుంది. తన బల్ల ఏం చెబుతుంది? ఒక్క స్ప్రింగని చెబుతుంది. పరువు పోదూ?

మర్నాడు టీచర్ బల్లలన్నీ సర్ది బయటికి వెళ్ళింది. పిల్లలు అద్దాల గదిలో జుట్టు బిగించుకుంటున్నారు. నిచ్చెన వెనకే ఆగిపోయింది. పిచ్చుక బల్ల కింద మూడు స్ప్రింగులు ఊడదీసింది. తన బల్లకి ఉన్న ఒక్కదానికీ మరో మూడు తగిలించింది. కుళ్ళు ఎంత పనైనా చేయిస్తుంది మరి.

బాలే మేడమ్ వచ్చి కుర్చీ వేసుకుంది. పిల్లలు మొదలుపెట్టారు.

చిత్రం, నిచ్చెన ఒళ్ళు ఆ రోజు దూదిపింజలా తేలిపోయింది. నాలుగు స్ప్రింగులున్నా చెమట చుక్క పుట్టలేదు. పంతం పడితే ఎక్కడలేని బలం వస్తుందంటారే, ఇదే కాబోలు అని మురిసిపోయింది.

పక్కన పిచ్చుక మొదటి తోపుకే గజగజలాడింది. కిందికి చూసింది, నిచ్చెన వైపు చూసింది, ఎదురుగా మేడమ్ ఉండేసరికి నోరెత్తలేకపోయింది. పెదవి కొరుక్కుంటూ, చెమటలు కక్కుతూ, బల్ల చప్పుడు కానివ్వకుండా చివరిదాకా లాక్కొచ్చింది. ఒక్కదానికే ఇంత యాతన పడే దానివి, ఇన్నాళ్ళూ నాలుగు ఎలా లాగావే అని నిచ్చెన లోపల్లోపల నవ్వుకుంది.

మేడమ్ లేచి ఒక్కో బల్ల కిందికీ వంగి చూసింది. పిచ్చుక దగ్గర చాలాసేపు ఆగింది. తర్వాత నిచ్చెన దగ్గరికొచ్చింది.

"నీకు నాలుగా?"

"అవును మేడమ్," అంది నిచ్చెన, మెడ ఇంకాస్త సాగదీసి.

"ఊఁ. పర్వాలేదులే," అని మేడమ్ భుజం తట్టి, తిన్నగా వెళ్ళి పిచ్చుక చెయ్యి పట్టుకుంది. "ముఖ్య వేషం నీదే."

నిచ్చెన ఏడుస్తూ బయటికి పరుగెత్తింది. వరండాలో పిలాటిస్ టీచర్ నవ్వుతూ ఎదురొచ్చింది.

"ఏడుస్తావేం? వేషం నీకే కదా వచ్చింది?"

"దానికిచ్చారు టీచర్. ఒక్క స్ప్రింగుకే అది గిలగిల్లాడింది. నేను నాలుగూ అవలీలగా లాగాను. అయినా దానికే ఇచ్చారు."

"నాలుగేమిటి? నీకు నేను ఒకటేగా వేసింది?"

"నేనే మార్చాను. దానివి తీసేశాను, నావి తగిలించుకున్నాను. మీకు అదంటేనే ముద్దు. నాకెప్పుడూ ఒక్కటే పడేస్తారు," అంది వెక్కుతూ.

టీచర్ మొహంలో నవ్వు ఆరిపోయింది. మెట్టు మీద కూలబడి నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

"ఎక్కువ స్ప్రింగులు వేసేది బలం చాలని వాళ్ళకి ఆసరాగా, తల్లీ."