ఊదుడు పందెం

"మా ఆయన ఊపిరి కోసి అమ్ముకున్నది నువ్వే."

వార్డంతా వినేలా అనేసింది ఇన్నమ్మ. ఆ మాట తగలాల్సిన మనిషి, గ్రానైట్ ఫ్యాక్టరీ ఓనరు వెంకటనారాయణ, యాపిల్ పండ్ల సంచీతో భద్రాచలం దవాఖానాలో ఆమె మొగుడు ఆంథోని మంచం పక్కనే ఉన్నాడు.

దుమ్ముకేమవుతుందమ్మా, బీడీలు తాగుంటాడని ఆయన సర్దిచెప్పబోయాడు. ఆంథోని చర్చిలో పాట పాడే మనిషి. బీడీ ముట్టి ఎరగడు. దుమ్ము అణిగేలా నీళ్లు కొట్టకుండా నల్లరాయి కోయించిన సంగతి మాత్రం ఓనరు నోటెంట రాలేదు.

ఆయన వెళ్లిన కాసేపటికే ఒక బక్కపలచని మనిషి వచ్చాడు. చేతిలో సగం నీళ్లు పోసిన సెలైన్ సీసా, గొట్టం.

"తమ్మీ, ఊదు. ఎవరి బుడగలు ఎక్కువసేపు వస్తయో చూద్దాం."

ఇన్నమ్మ ఆ గొట్టం వంక అనుమానంగా చూసింది. ఫ్యాక్టరీ డాక్టరూ ఇలాగే గొట్టం ఊదించేవాడు. ఊదినోడికల్లా రోగం లేదని రాసేవాడు. వీడు ఓనరు మనిషే!

"జర మెల్లగ ఊదు," అని మొగుడి చెవిలో చెప్పింది. "బాగ ఊదినవనుకో, నీకేం కాలేదని నష్టపరిహారం ఎగ్గొడతరు."

ఆంథోని బుద్ధిగా ఓడిపోయాడు.

ఆ మనిషి నవ్వాడు. "బల్లికి తోక మొలిసినట్టు ఊపిరితిత్తి మొలిపిచ్చే మందు కోసం పెద్ద పెద్ద డాక్టర్లు తంటాలు పడుతున్నరంట. అది వచ్చేదాక మిగిలిన ముక్కతోనే కాపురం. దాన్ని గూడ పండవెడితే ఎట్ల తమ్మీ?"

ఆ మాట ఆంథోనికి ఎక్కింది. ఇన్నమ్మ చాయ్ కోసం బయటికి పోవడమే ఆలస్యం, పందెం మొదలు. పక్క మంచాలవాళ్లూ సీసాలు పట్టారు. వార్డంతా గుడగుడలు, నవ్వులు. ఆ మనిషి ఓడినప్పుడల్లా "నీవి ఊపిరితిత్తులు గావు, కొలిమితిత్తులు" అనేవాడు. కావాలనే ఓడుతున్నాడని ఆంథోనికి అనుమానం.

అడుగు తీసి అడుగు వేయలేని ఆంథోని కొద్దిరోజుల్లోనే వరండా చివరిదాకా నడిచాడు. ఒకరోజు కీర్తన అందుకుని, చరణం మధ్యలో ఆగకుండా పాడేశాడు.

ఇన్నమ్మకు సంతోషం కంటే భయమెక్కువైంది. ఈ పాట ఓనరు చెవిన పడితే?

"ఓనరు ఉప్పు తిని మా నోట్ల మట్టి కొడతవా?" అని ఆ మనిషిని గేటు దాకా తరిమింది. అతను ఆ పూటే చర్ల బస్సెక్కాడు.

ఆంథోనిని ఇంటికి పంపే రోజు వెంకటనారాయణ మళ్లీ వచ్చాడు. కులాసాగా ఉన్నాడుగా, రోగమెక్కడిదని నవ్వాడు. రాయి కోసే మిషన్ ఖాళీగా ఉంది, నీ తమ్ముణ్ణి పంపించమని ఆంథోనితో అన్నాడు.

"చూసిన్రా సిస్టర్, ఆ బక్కోడు మోసిన కబురు," అంది ఇన్నమ్మ.

వార్డు నర్సు సిస్టర్ స్తుతి బిత్తరపోయింది. "జంపయ్యనా? ఆయన మా పేషెంటే గదమ్మా. మీ ఆయన కంటే ముందు ఆ మిషన్ మీద రాయి కోసిండు. మీ ఆయనకున్నంత ఊపిరి గూడ ఆయనకు మిగల్లేదు. ఒక్క పందెం గూడ కావాలని ఓడిపోలే."

ఇన్నమ్మ కొంగు నడుముకు దోపి ఓనరుకు అడ్డంగా నిలబడింది.

"ముందు ఆ మిషన్ బందు వెట్టు. నీళ్ల పైపు ఏసినంకనే తిప్పు. జంపయ్య కూసున్న జాగల నా మొగడు కూసున్నడు. మూడో మనిషి కూసోవద్దు."