భూటాన్ జెండా

“చూడు, అచ్చం మనలాగే చెక్క అచ్చులతో అద్దారు! భూటాన్‌లో కొండల మీద ప్రార్థన జెండాలుగా ఇవే కడతారు. ఇది అక్కడి అద్దకంవాళ్ళు నీకోసమే పంపారు,” అంటూ అక్కడి చేతిపనుల మేళాకి వెళ్ళి అప్పుడే ఇల్లు చేరిన చిన్నారావు బ్యాగులోంచి పసుపు జెండా తీశాడు.

కలంకారీ గుడ్డలు ఉతకడానికి కాలవకి బయల్దేరిన అతని భార్య భ్రమరాంబ మూట దించి, జెండా తిరగేసి చూసింది.

“రంగు వెనకవైపుకి దిగలేదు. నేనూ వచ్చుంటే ఎలా దించాలో చూపించేదాన్ని. మేళాలో ఇంటికి ఒక్కరికే చోటని మీరే చెప్పారుగా!”

“అవును మరి.”

జెండా మూలన పిన్నుతో గుచ్చిన చీటీ ఉంది. కూతురు మాధవి ఆ ఇంగ్లీషు చదివి తెలుగులో చెప్పింది.

“‘పెడన భ్రమరాంబగారికి, మీ ఇద్దరికీ గది సిద్ధం చేశాం. జబ్బుచేసి మీరు రాలేకపోయారని విని బాధపడ్డాం. త్వరగా నయం కావాలని ఈ జెండా అద్దాం.’ జబ్బేంటమ్మా?”

భ్రమరాంబ మొగుడి వైపు చూసింది.

“ఇద్దరం వెళ్తే ఈ ఉతుకులు ఎవరు చూస్తారే? ఆర్డరు పోదూ?” అన్నాడు చిన్నారావు నేలచూపులు చూస్తూ.

“ముప్ఫయ్యేళ్ళుగా మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడ్డాను. జ్వరమని ఒక్కరోజు పడుకోలేదు.”

జెండాని గుమ్మానికి కట్టింది. మూట ఎత్తి మొగుడి భుజాన పెట్టింది.

“కాలవకి మీరెళ్ళండి. నేను జబ్బుమనిషిని కదా.”